నువ్వులు మోసుకెళ్ళిన ఎడారి ఎలుక

ఉదయం ఆరుంపావుకు లారీ దిగాం. సింగపూర్ నుంచి అరిజోనా ఎడారికి, ఆరు వారాల సైనిక శిక్షణకు. నవంబరు. నాలుగు డిగ్రీల చలి. బూటు మోపితే చీలమండ దాకా ఇసుక. అక్కడక్కడా పొదలు. పన్నెండు మందికి సార్జంటును నేను.

అవి కంప్యూటర్ ఉద్యోగాలు వెల్లువెత్తిన రోజులు. నా చిన్నప్పుడే, తాతగారి దివాణం వేలం పోయాక, నాన్నగారు అలాంటి ఉద్యోగంతోనే మమ్మల్ని సింగపూర్‌లో బుకిట్ పంజాంగ్ పేట ఫ్లాటుకు తెచ్చారు. ఆయన తద్దినం తిథి శిక్షణ మధ్యలో పడింది. కనీసం తర్పణమైనా వదలమని అమ్మ గుడ్డసంచిలో గుప్పెడు నల్లనువ్వులు ఇచ్చింది.

మూడోరోజు ఉదయానికి సంచి ఖాళీ. తాడు వదులుగా ఉంది.

నా అనుమానం రేడియో ఆపరేటర్ మీద. మా దళంలో నేను కాక ఉన్న ఒకే ఒక్క తెలుగువాడు, సింగపూర్‌లోనే సెంగ్‌కాంగ్ పేట నుంచి వచ్చాడు. ముందురోజే నవ్వాడు: "నువ్వులా? బెల్లం ఉంటే ఉండలు చుట్టేద్దాం సార్జంట్!" అవేమిటో తెలిసినవాడు అతనొక్కడే.

"బ్యాగ్ తియ్యి."

"నాదా? ఎందుకన్నా?"

"అన్న కాదు. సార్జంట్."

అందరి ముందూ అతని సామానంతా పట్టా మీద పరిపించాను. మేజోళ్ళు, బ్యాటరీలు, తల్లి ఫొటో. నువ్వులు లేవు.

"తినేశావు. రిపోర్టు రాస్తున్నా."

"పచ్చి గింజలు ఎవడు తింటాడు లాహ్?" మా దళం వంటవాడు సింగపూర్ యాసలో గొణిగాడు.

రిపోర్టు వెళితే అతన్ని వెనక్కి పంపేస్తారు. దొంగ అన్న పేరు ఇంటిదాకా వస్తుంది. తెలిసే రాశాను.

ఎనిమిదిన్నరకు గుడారం వెనక కందకం తవ్వుతున్నాం. నేను అతని చేతులనే చూస్తున్నాను. అతని పార ఒక పొద మొదట్లో, ఇసుకతో మూసి ఉన్న కన్నాన్ని చీల్చింది. లోపల గడ్డిగింజలు, వాటిలో నా నువ్వులు. పక్కన బొటనవేలంత ఎలుక. చల్లగా, కదలకుండా. చచ్చిందనుకున్నాం. అతను అరచేతిలో పెట్టుకుని ఊదాడు. కాసేపటికి మీసాలు కదిలాయి.

అక్కడి గైడ్ చెప్పాడు. దాని బుగ్గలకు బయట రెండు బొచ్చు సంచులు. రాత్రి గింజలు వాటిలో నింపి తెచ్చుకుంటుంది. పగలు కన్నం మూసేస్తుంది. నీళ్ళు తాగకపోయినా గింజలతోనే బతుకుతుంది. చలి ముదిరితే ఒళ్ళు చల్లార్చుకుని శవంలా పడుకుంటుంది.

అతను సగం నువ్వులు ఏరి నా చేతిలో పోశాడు.

"మిగతావి దానికి వదిలేద్దాం. నాన్నగారికి ఇవి చాలవా, సార్జంట్?"

చాలాయి. రిపోర్టు చింపేశాను. తప్పు నాదన్న మాట మాత్రం నోట రాలేదు. మా ఇంట్లో ఎవరూ తల వంచరని అనుకునేవాణ్ణి.

ఆరు వారాలకు సింగపూర్ విమానాశ్రయంలో దిగాం. అందరూ తమవాళ్ళ వైపు పరుగెత్తారు. అతను నా ముందు ఆగాడు. నేను అడగకుండానే తన బ్యాగు జిప్పు లాగి, తెరిచి పట్టుకున్నాడు.

"ఇప్పుడే చూసుకోండి సార్జంట్. మా అమ్మ ముందు అడగొద్దు."

గాజుగోడ అవతల అప్పటిదాకా చెయ్యి ఊపుతున్న అతని తల్లి, ఊపడం ఆపేసింది. గాల్లో ఆగిన ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.