ఊపిరి వినిపించేంత దగ్గరగా

మా టీచర్ పోయిందన్న కబురు శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. అన్నం తిని కుర్చీలో ఒరిగి, మళ్లీ లేవలేదట. ఆమె కూతురు ఫోన్లో ఆ మాట చెబుతుంటే వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది. నిదానమైన, తియ్యటి గొంతు. చేపలు ఎట్లా నిద్రపోతాయో చెబుతోంది. టీచర్ ఫోన్లో వీడియోలు ఒకదాని వెనక ఒకటి వాటంతటవే వస్తున్నాయి. వాటిని ఆపాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఇబ్రహీంపట్నంలో ఆమె దగ్గర సైన్స్ చదువుకున్నవాళ్లు ఇది చదివేవారిలో చాలామందే ఉంటారు. నేను ఆమె క్లాసులో కూర్చోలేదు. ఇంటర్‌తో చదువు ఆపి బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో చేరాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా కాపీలకు వచ్చిన కరపత్రాలు చదివి నేర్చుకున్నదే. దయ్యాలు లేవు, తాయెత్తులు మోసం అని రాసిన కాగితం వస్తే నా కోసం ఒకటి ఎక్కువ తీసుకునేవాణ్ని. ఎవరైనా కాదంటే గొంతు లేచేది. ఒకరోజు ఒక పెద్దమనిషితో అట్లాగే కొట్లాడుతుంటే, కాపీలకు వచ్చిన టీచర్ చివరిదాకా నిలబడి విన్నది.

"నువ్వు చెప్పింది నిజమే బిడ్డా. గాని ఆయన ఇని పోయిండా, ఇనకుంట పోయిండా?" అన్నది.

రిటైరయ్యాక ఆమె ఒక పని పెట్టుకుంది. పిల్లలకు సైన్స్ చెప్పే వీడియో చానళ్లు చూసి, ఏవి చూడొచ్చో, ఏవి వద్దో ప్రతి ఆదివారం ఒక కాగితం మీద రాసేది. నేను కాపీలు తీసి బడి గేటుకూ కిరాణా కొట్టుకూ అంటించేవాణ్ని. తల్లిదండ్రులు పనికి పోతే పిల్లల చేతిలో మిగిలేది ఫోనేనని ఆమెకు తెలుసు. ఫోన్ వద్దని ఎన్నడూ అనలేదు. "ఎవరి చేతుల విడిచిపోతున్నమో తెల్వాలె గద" అనేది.

ప్రతి వీడియో మూడుసార్లు చూసేది. మొదటిసారి శబ్దం తీసేసి. రెండోసారి కళ్లు మూసుకుని, వింటూ. మూడోసారి ఒక పిల్లనో పిల్లగాణ్నో పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్ వైపు కాకుండా వాళ్ల మొహం వైపు చూస్తూ. అయినా అప్పుడే తేల్చేది కాదు. మూడో నాడు ఆ పిల్లను దారిలో ఆపి "ఏం యాదికుంది?" అని అడిగేది. జవాబు విన్నాకే నోటు పుస్తకంలో చివరి గడి నింపేది.

ఆ తియ్యటి గొంతు చానల్‌ను ఇద్దరం కళ్లు మూసుకుని వింటున్నప్పుడు ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఊపిరి ఇనవడ్తుందా నీకు?"

వినిపించలేదు. ఫ్యాన్ ఆపి మళ్లీ విన్నాం. ఎంత పొడుగు మాటైనా ఆ గొంతు ఎక్కడా ఊపిరి తీసుకోలేదు.

"మిషన్ గొంతు టీచర్. అయితేంది? చెప్పింది తప్పా?" అన్నాను.

"తప్పని నేనన్ననా? పిల్ల బెదిరితే గా గొంతు ఆగుతదా అని చూస్తున్న."

అదే చానల్‌లో అద్దం వీడియో ఉంది. మసక వెలుతురులో అద్దం ముందు కూర్చుని, కదలకుండా మీ కళ్లలోకి మీరే చూడండి అంటుంది. కాసేపటికి మొహం మారిపోతుంది. కొందరికి ముక్కూమొహం తెలియనివాళ్లు కనిపిస్తారు, కొందరికి చనిపోయినవాళ్లు. కదలనిదాన్నే చూస్తే కన్ను అలిసిపోతుందని, చెరిగినచోట మెదడు ఏదో ఒకటి నింపుతుందని ఆఖర్లో చెబుతుంది. నేను పొంగిపోయాను. దయ్యాల సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది కదా అనుకున్నాను. మూడో నాటి దాకా ఆగమని టీచర్ చెప్పింది. నేను ఆగలేదు. ఆ ఆదివారం కాగితంలో ఆమె రాత కింద నా రాతతో ఆ వీడియో పేరు చేర్చి కాపీలు తీసేశాను.

మన్నెగూడ చౌరస్తాలో చేపలమ్మే అక్కకు నాలుగో తరగతి చదివే బిడ్డ ఉంది. మంగళవారం ఆ పిల్ల బడి నుంచి వచ్చి, తలుపు వేసుకుని, ఫోన్లో ఆ వీడియో పెట్టుకుని, ఒక్కతే అద్దం ముందు కూర్చుంది. నిరుడు చనిపోయిన నాయనమ్మ కనిపించింది. పిల్ల వీధిలోకి పరుగెత్తింది. లోపల ఫోన్ మాత్రం మనిషి లేని ఇంట్లో అద్దానికి కారణాలు చెబుతూనే ఉందట.

మరునాటికి పిల్ల మెడలో తాయెత్తు పడింది. అద్దాన్ని గోడవైపు తిప్పారు. తల్లి తెల్లవారకముందే పనికి పోతుంది కాబట్టి ఆ పిల్ల తల తనే దువ్వుకుంటుంది. ఇప్పుడు అద్దం చూడకుండా, పాపిట వంకరగా తీసుకుని బడికి పోయింది.

ఆ సాయంత్రం నేను షాపులోని కత్తెర పట్టుకుని వాళ్లింటికి పోయాను. టీచర్ అప్పటికే అక్కడ ఉంది.

"గా తాయెత్తు ఎవలు కట్టిన్రక్కా?" అని చేపలక్క మీద అరిచాను.

"అరవకు. కట్టింది నువ్వే" అన్నది టీచర్. "గా వీడియోల భయం ముందుగాల పెట్టిన్రు, సంగతి ఆఖర్ల పెట్టిన్రు. పిల్ల నడిమిట్లనే లేచి ఉరుకుతది. గదే గద మనం చూడాల్సింది."

చేపలక్క నా చేతివైపు చూసింది. "కత్తెర ఎట్లాగు తెచ్చినవ్ తమ్మి, గీ చాపల రెక్కలన్న కత్తిరించి పో" అన్నది. టీచర్ నవ్వింది. నేను ఆ కత్తెర ఎక్కడ దాచుకోవాలో తెలియక నిలబడ్డాను.

టీచర్ పిల్ల పక్కన కింద కూర్చుంది. "ఆయితారం మా ఇంటికి రా. ఇద్దరం పక్కపక్కన కూసుని చూద్దం. ముందుగాల నేనొక్కదాన్నే చూస్త."

"నీకు భయమైతే?" అన్నది పిల్ల.

"అయితే అయిందని రాసుకుంట."

ఆ ఆదివారం ఆమె పోయిన మూడో నాడైంది. వాకిట్లో అన్నం ముద్ద పెట్టి పిట్ట కోసం చూస్తున్నారు. ఈ పద్ధతిని నేను ఎన్నోసార్లు వెక్కిరించాను. ఆ రోజు వాళ్ల పక్కనే నిలబడ్డాను. టీచర్ కూతురు నోటు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆఖరి పేజీ గురువారం రాసింది.

"రెండో నిమిషం: కళ్లజోడు ఉంది, కళ్లు లేవు. నాలుగు: అమ్మ. ఆరు: ఎవరో తెలియదు. నన్ను ఎరిగినట్టే చూస్తోంది. భయమైంది. ఏడు: లైటు వేశాను."

చివరి గడి ఖాళీగా ఉంది.

అప్పుడే ఆ పిల్ల గేటు తీసుకుని వచ్చింది. వెనక తల్లి. "టీచర్ రమ్మన్నది" అన్నది పిల్ల. టీచర్ లేదని దానికి తెలుసు.

తల్లి వాకిట్లోనే ఆగింది. మేమిద్దరం టీచర్ గదిలో అద్దం ముందు కూర్చున్నాం. ఈసారి సంగతి ముందు చెప్పాను. కన్ను ఎట్లా అలిసిపోతుందో చెప్పి, మళ్లీ నాకు చెప్పమన్నాను. చెప్పింది. తర్వాత పరదా వేశాను.

చాలాసేపు అద్దంలో మా మొహాలే ఉన్నాయి. తర్వాత, "అన్నా, నాయనమ్మ అచ్చింది" అన్నది మెల్లగా.

"ఏమంటుంది?"

"ఏమంటలేదు. చూస్తుంది. నీకెవరచ్చిన్రు?"

నా మొహం ఉండాల్సిన చోట ఒక కళ్లజోడు ఉంది. నాకు కళ్లజోడు లేదు. ఆ మాట పిల్లకు చెప్పలేదు. పదో నిమిషంలో ఆ పిల్లే లేచి పరదా తీసింది. వాకిట్లో ముద్ద మీద ఇంకా ఏ పిట్టా వాలలేదు.

ఆమె రాత కింద నా నిమిషాలు రాశాను. "భయమైంది" అని కూడా రాశాను. అద్దంలో ఉన్నది నా అలిసిన కన్నేనని ఇప్పటికీ నమ్ముతాను. కానీ భయమైందని ఒప్పుకోవడం ఏ కరపత్రమూ నేర్పలేదు, ఆమె నేర్పింది.

మూడో నాడు, మంగళవారం పొద్దున, పిల్ల ఇంటికి పోయాను. అద్దం ఇటువైపు తిరిగి ఉంది. ముందు నిలబడి తల దువ్వుకుంటోంది. తాయెత్తు మెడలోనే ఉంది. నేను దాని మాట ఎత్తలేదు.

"ఏం యాదికుంది?" అని అడిగాను.

"మీరు ఊపిరి తీసుకునుడు."

"నేనా?"

"అవ్. నువ్వు గట్టిగ తీసుకున్నవ్. టీచర్ మెల్లగ."

దీనికి నా దగ్గర జవాబు ఉంది. నోటిదాకా వచ్చి ఆగింది. పుస్తకం తెరిచి చివరి గడిలో "పక్కన మనిషి ఉంటేనే" అని రాశాను.

పిల్ల దువ్వెన కొసతో పాపిట తీసింది. ఈసారి తిన్నగా వచ్చింది. అద్దంలోంచి దాని చూపు నన్ను దాటి, నా భుజం పక్కన ఎవరూ లేని చోటికి పోయింది. బాగుందా అని అడుగుతున్నట్టు అక్కడ కొంచెం ఆగి, మళ్లీ దువ్వెన మీదికి వచ్చింది.