టీచరమ్మ సొంత వాక్యం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రేపల్లెలో నా టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కిన ప్రతివాళ్ళకీ ఆ సంగతి తెలుసు. నా పేరు బసవేశ్వరరావు. పిల్లలు నా చాటున ఇంకేం పేరుతో పిలుచుకుంటారో నాకూ తెలుసులెండి. అటువంటి నా దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేసి, ఒక్కసారి కూడా నన్ను గొంతు పెంచనివ్వని మనిషి తహసీన్ టీచరమ్మ. ఆవిడ తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చి ఇంగ్లీషు చెప్పేది.

టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారు. పదకొండు మిషన్లలో సగం ముసుగేసుకుని కూర్చున్నాయి. ముందు గది ఊరికే ఉంది కదా, స్పోకెన్ ఇంగ్లీషు పెడదామని నాలుగు చోట్లా చెప్పి ఉంచాను. ఒక పొద్దున పాసింజరు దిగి ఆవిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. పెళ్ళి కాలేదు. తల మీద కొంగు, చేతిలో గొడుగు. కూర్చోమంటే కూర్చోకుండానే మాట్లాడింది.

“చెబుతానండి. కానీ పిల్లలు సొంత వాక్యం రాయాలి. పుస్తకంలోది పనికిరాదు. వాళ్ళకి జరిగింది అయ్యుండాలి. అబద్ధం రాస్తే ఆ వాక్యం కొట్టేస్తాను.”

“మన పిల్లల బతుకుల్లో ఏం జరుగుతుందమ్మా, నా తలకాయ్!” అన్నాను.

“అందరికీ జరుగుతుంది అన్నయ్యా,” అంది. అలా మొదటి రోజే అన్నయ్యనైపోయాను.

మధ్యలో చెక్క తడికే కాబట్టి ఆవిడ పాఠాలన్నీ మిషన్ల చప్పుడులోనే నా చెవిన పడేవి. ప్రతి బ్యాచ్‌లోనూ ఒక వారం విడిపోవడం, వదిలించుకోవడం, తప్పించుకోవడం అనే అర్థాలిచ్చే ఇంగ్లీషు మాటలు చెప్పేది. మనవాళ్ళకి అక్కడే తికమక. ఫ్రీ చేసుకున్నానంటే పక్కన మైసెల్ఫ్ పెట్టాలి. పెట్టరు. ఎస్కేప్ అయ్యానంటే అక్కర్లేదు. అక్కడ మాత్రం ఠంచనుగా పెడతారు.

“తప్పించుకున్నానంటాం కాబట్టి ఎస్కేప్‌కి కూడా మైసెల్ఫ్ తగిలించేస్తున్నారు మీరు,” అని ఓపిగ్గా చెప్పేది. “ఎస్కేప్ అయ్యేవాడు పారిపోతాడంతే. వెనక్కి చూడడు. టేర్ అవే అలా కాదు. వెళ్ళాలి, కానీ లోపలి మనిషి రానంటుంది. అప్పుడు మనల్ని మనమే పట్టుకుని లాక్కెళ్ళాలి. అందుకే అక్కడ మైసెల్ఫ్ కావాలి.”

తర్వాత బోర్డు మీద తన సొంత వాక్యం రాసేది. ఏ బ్యాచ్‌కైనా అదే వాక్యం. ఐ టేర్ మైసెల్ఫ్ అవే ఫ్రమ్ మై మదర్ ఎవ్రీ మార్నింగ్. రోజూ పొద్దున్నే మా అమ్మ దగ్గర నుంచి నన్ను నేను లాక్కొస్తాను.

అది అక్షరాలా నిజం. వాళ్ళమ్మ ఇమాం బీ గారికి మతిమరుపు జబ్బు. కొడుకు రెహమాన్ ఎవరో గుర్తులేదు, ఆయన కట్టిన ఇల్లే గుర్తులేదు. కూతురి కొంగు ఒక్కటే గుర్తు. అది గుప్పిట్లో పెట్టుకుని నిద్రపోయేది. టీచరమ్మ రోజూ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకుని, చప్పుడు కాకుండా లేచి, బండి అందుకోవాలి. ఒక్కోరోజు తర్వాతి బండికి వచ్చేది. ఆ రోజుల్లో పిల్లల మీద అరిచి వాళ్ళని కూర్చోబెట్టే పని నాది.

పిల్లల వాక్యాలకేం, నవ్వలేక చచ్చేవాణ్ణి. వెంకట్ అనే కుర్రాడు తన ఫోన్ దగ్గర నుంచి తనను తాను లాక్కొచ్చానని రాశాడు. “ఎంతసేపు?” అని అడిగింది టీచరమ్మ. “పది నిమిషాలు మేడమ్.” “నిజమే రాశావు, కూర్చో.” బిందుమాధవి అనే పిల్ల మాత్రం ఒక స్నేహితురాలికి తనను తాను దూరం చేసుకున్నానని రాసి, పైకి చదవకుండా కాగితం టీచరమ్మ చేతిలో పెట్టేసింది. ఆ రోజు టీచరమ్మ కాగితం దిద్దలేదు. పిల్ల వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.

కిందటి శీతాకాలంలో ఇమాం బీ గారు పోయారు. నేను తెనాలి వెళ్ళి పలకరించి వచ్చాను. వారం తిరక్కుండానే టీచరమ్మ మొదటి బండికి వచ్చేసింది. ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు.

కొత్త బ్యాచ్‌లో మళ్ళీ ఆ పాఠం వచ్చింది. సుద్దముక్క బోర్డు మీద నడుస్తున్న చప్పుడు వినిపించి, ఠక్కున ఆగిపోయింది. ఎంతకీ మళ్ళీ మొదలవలేదు. తడిక పక్కనుంచి తొంగి చూశాను. ఫ్రమ్ దాకా రాసి ఆగింది. ఆవిడ వాక్యం ఇప్పుడు నిజం కాదు కదా. అబద్ధం రాస్తే కొట్టేస్తానన్న మనిషి తనెలా రాస్తుంది? “రేపు పూర్తి చేద్దాం,” అని పిల్లల్ని పంపేసింది. ఆ రేపు రాలేదు. పక్క బోర్డు మీద పాఠాలు సాగించింది, ఆ సగం వాక్యం మాత్రం తుడవలేదు.

వేసవి ముందు ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చింది. బాపట్లలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఉద్యోగం వచ్చిందట. హాస్టల్లోనే గది ఇస్తారట.

“మీ అన్నయ్య రెహమాన్ గారేమన్నారమ్మా?”

“మంచిదే వెళ్ళమన్నాడు. టీవీ చూస్తూ అన్నాడు. ఎలా ఒప్పించాలా అని రెండు రోజులు ఆలోచించుకుని వెళ్ళానన్నయ్యా. ఒక్క మాట కూడా అవసరపడలేదు,” అంది. తర్వాత నా మొహంలోకి చూసి అడిగింది. “నేను మానేస్తే మీకేం ఇబ్బంది లేదుగా?”

ఇబ్బందా! పొద్దున్నే ఆ మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు వినబడితేనే నాకు తెల్లారినట్టు. మా ఆవిడ పోయాక తిన్నావా అని నన్నడిగిన మనిషి ఆవిడొక్కతే. అవన్నీ నోటి దాకా వచ్చాయి. కానీ మంచి ఉద్యోగానికి అడ్డం పడ్డాననిపించుకోవడం దేనికని, పెద్దమనిషి తరహాలో గొంతు సవరించుకుని, “అబ్బే, నాకేం ఇబ్బందమ్మా! నిశ్చింతగా వెళ్ళండి,” అన్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

ఆఖరి రోజు మధ్యాహ్నం పిల్లలు స్వీటు తినిపించి వెళ్ళిపోయారు. ఆవిడ సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది. తొమ్మిదేళ్ళూ “వెళ్ళొస్తానన్నయ్యా” అన్న మనిషి, ఆ రోజు “వెళ్తానన్నయ్యా” అంది. నేను మిషన్‌కి రిబ్బన్ మారుస్తూ తలూపాను.

చెప్పులు మెట్లు దిగుతున్నాయి. అప్పుడు చూశాను, మేకుకి ఆవిడ గొడుగు. లేచి గొడుగు అందుకున్నాను కూడా. కింద మెట్ల మలుపులో చెప్పుల చప్పుడు ఆగింది. “టీచరమ్మా!” అని పిలవడానికి నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మా ఇంట్లో అదే మాట. పైగా కొత్త ఉద్యోగం, కొత్త ఊరు. గొడుగు పట్టుకుని అలాగే నిలబడ్డాను. చాలాసేపటికి చెప్పులు మళ్ళీ కదిలాయి. వీధిలోకి వెళ్ళిపోయాయి.

పదిరోజులు ఎలా గడిచాయో చెప్పను. ఆదివారం సాయంత్రం ఉండబట్టలేక ఫోన్ చేశాను. కుశలాలయ్యాయి. గది బాగుందట, కిటికీ తీస్తే గాలి వస్తుందట. భోజనం పర్వాలేదట. పాఠం ఒప్పజెబుతున్నట్టు చెబుతోంది.

“మీ గొడుగు ఇక్కడే ఉండిపోయిందమ్మా,” అన్నాను.

“తెలుసన్నయ్యా. మెట్ల మలుపులో గుర్తొచ్చింది. ఆగాను. మీరు చూసి పిలుస్తారేమో అనుకున్నాను.”

“చూశానమ్మా. చేత్తో పట్టుకునే నిలబడ్డాను. వెనక నుంచి పిలిస్తే మీకు మంచిది కాదని...”

“అదా!” అంది. నవ్విందో ఏమో తెలియలేదు. “మా ఇంట్లో ఆ పట్టింపు లేదన్నయ్యా. నిద్ర లేచి ఉంటే అమ్మ నన్ను గుమ్మం దాటనిచ్చేదే కాదు. నాలుగుసార్లు వెనక్కి పిలిచేది. అందుకే బండి తప్పిపోయేది.”

“రేపు బస్సుకి గొడుగు తెచ్చిస్తానమ్మా,” అన్నాను.

“ఎందుకన్నయ్యా శ్రమ? ఇక్కడ కొత్తది కొనుక్కున్నాను.” గొంతులో నిష్ఠూరం లేదు. అదే నన్ను ఇంకా బాధపెట్టింది. “ఉంటానన్నయ్యా మరి. ఆరోగ్యం చూసుకోండి.”

“టీచరమ్మా!” అని అరిచాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

“ఏంటన్నయ్యా?”

“ఏం లేదమ్మా. వెనక నుంచి పిలుద్దామని.”

‘ఉంటానన్నయ్యా’ అన్న మనిషి ఫోన్ పెట్టెయ్యలేదు.