దర్వాజ మీది గాట్లు

ఒక్క దర్వాజను నమ్ముకొని వాడకట్టు ఆడవాళ్లందరి ముందు నా పరువు నేనే తీసుకున్నాను. వినండి. నాకు రాత రాదు, చెబుతుంటే రాస్తున్నది మా మనవరాలు చిన్ని. ఈ గొడవంతా దాని మూడేళ్ల వయసులో, దాని పొడవు గురించే.

కొండపాకలో మా ఇంటి దర్వాజకు కత్తి గాట్లుంటాయి. మా కొడుకు రాజు చిన్నప్పుడు ప్రతి దసరాకు వాణ్ణి నిలబెట్టి, తల ఎంతవరకు వస్తే అక్కడ మా ఆయన గాటు పెట్టేవాడు. నేను కాపురానికొచ్చిన కొత్తలో నాకూ ఒకటి పెట్టి, "ఇగ నువ్వు పెరిగేదేం లేదు తియ్" అని నవ్వాడు. మనిషి పోయాడు, గాట్లు మిగిలాయి.

ఆ ఏడు పాత నేల మీదే కొత్త టైల్స్ వేయించాం. దసరాకు చిన్నిని దర్వాజకు ఆనించి చూద్దును కదా, వాళ్ల నాయిన మూడేళ్లప్పటి గాటుకు బెత్తెడు పైన ఉంది! అంతా నా చేతి పప్పన్నం మహిమేనని వాడంతా చెప్పుకొచ్చాను. ఆ వారమే రాజు అదే దర్వాజకు తల కొట్టుకొని "అబ్బా!" అంటే, "నా తిండికి నువ్వు గూడ పెరుగుతున్నవ్ బిడ్డా" అని మురిసిపోయాను. వాడికి అప్పటికే ముప్పై దాటాయి!

తర్వాత అంగన్‌వాడీలో టీచర్ చిన్నిని కొలిచింది.

"వయసుకు తగ్గ పొడుగు లేదు పెద్దమ్మా. రోజు పంపు. గుడ్డు, పాలు, అన్నం ఈడ తింటది."

"నా మనవరాలు పొట్టిదా? నీ టేపే పొట్టిదేమో సూస్కో!"

కోడలు లత నా కొంగు లాగింది. "పంపుదాం అత్తమ్మా. వట్టి పప్పన్నం సాలదంట."

"నువ్వు సప్పుడు జెయ్యకుండు!"

టీచర్‌నూ, అక్కడున్న తల్లులనూ పెళ్లి ఊరేగింపులా మా ఇంటికి నడిపించాను. చిన్నిని దర్వాజకు నిలబెట్టాను. "సూడున్రి! తండ్రిని మించింది!"

టీచర్ అన్నింటికన్నా పైనున్న గాటు చూపించింది. "గిదెవరిది?"

"నాదే. పెండ్లయిన కొత్తల పెట్టింది."

"ఒక్కసారి నిలబడు పెద్దమ్మా."

కోడిపుంజులా మెడ నిక్కించి నిలబడ్డాను. లత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అత్తమ్మా, నువ్వు గూడ బెత్తెడు పెరిగినవ్!"

అరవై ఏళ్లకు! మెల్లగా కిందికి చూశాను. కొత్త టైల్స్ నన్ను చూసి పళ్లికిలించాయి. మా ఇంట్లో పెరిగింది నేల ఒక్కటే.

అందరూ పడీపడీ నవ్వారు. టీచర్ మాత్రం నవ్వలేదు. ఆ బెత్తెడు తీసేస్తే చిన్ని సరిగ్గా వాళ్ల నాయిన గాటు దగ్గరే ఆగింది.

"రాజన్న చిన్నగున్నప్పుడు కరువు గద పెద్దమ్మా. ఇప్పుడు గిన్ని నీళ్లు, గింత పంట. ఈ పిల్ల గూడ ఆడనే ఆగాల్నా?"

మరునాటి నుంచి చిన్నిని నేనే చంకనేసుకొని అంగన్‌వాడీలో దింపి వచ్చేదాన్ని. ఇప్పుడది నా గాటును కూడా దాటింది, టైల్స్ తీసేసి లెక్క చూసినా సరే.

నవ్వకుండా రాయవే చిన్నీ! మా ఆయన పెట్టిన గాట్ల మీద ఒట్టు: ఇకమీదట ఈ ఇంట్లో ఎవరు పెరిగినా, ముందు నేలను కొలిచాకే నోరు తెరుస్తాను.