గౌసియా తర్జుమా

గౌసియాను అబద్ధాలకోరు అనడం అన్యాయం. ఆమె తర్జుమా చేస్తుంది, అంతే. అమ్మానాన్నలు ఇద్దరూ పుట్టుకతో చెవిటివాళ్లు కావడంతో ఆమెకు మాటలకన్నా ముందే సైగలు వచ్చాయి. ఐదేళ్లప్పుడు విశాఖ పూర్ణా మార్కెట్లో తండ్రి కరీం బాషా, కొట్టువాడిని ‘నువ్వు పచ్చి దొంగవి’ అని చేతులతో తిడితే, ‘మా నాన్న కొంచెం తగ్గించమంటన్నాడు’ అని చెప్పేది. నలభై ఆరేళ్లొచ్చినా ఆ బుద్ధి పోలేదు. వన్‌టౌన్‌లో జాకెట్లు కుడుతూ, ఆదివారాలు బధిరుల సంఘానికి నోరుగా ఉంటూ, ఎన్ని తగవులు తప్పించిందో లెక్కే లేదు.

ఆ సంఘానికి అధ్యక్షురాలు సూర్యకాంతమ్మ. ఆవిడకు వినబడదు, మాట రాదు. కోపం మాత్రం దేవుడు ముగ్గురికి సరిపడా ఇచ్చాడు.

సంఘం గదికి ఏటా ప్రభుత్వమే అద్దె ఇచ్చేది. ఈ ఏడు ఆపేసింది. ఆ గది పోతే నలభై మంది వారానికి ఒక్కరోజైనా కడుపు నిండా మాట్లాడుకునే చోటు పోతుంది. అందుకని ఇద్దరూ అద్దె మంజూరు చేసే సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్లారు.

అధికారి శ్రీరామ్మూర్తి మర్యాదస్తుడే. కుర్చీలు వేయించి మరీ కాదన్నాడు.

“నిధులు తక్కువమ్మా. మీదీ, బాలుర హోమ్‌దీ ఒకటే పద్దు. వాళ్లకి కెమెరాలు పెట్టాలి. పైగా మీవాళ్లకి పెద్ద ఇబ్బందులున్నట్టు లేదు. హెల్ప్‌లైన్‌కి బధిరుల నుంచి ఒక్క ఫోనూ రాలేదు.”

గౌసియా అది సైగల్లో చెప్పింది. సూర్యకాంతమ్మ చేతులు పైకి లేచాయి. ఆయన బుర్రనీ, ఆయన పుట్టిన ముహూర్తాన్నీ, ఆయన కుర్చీనీ వరసపెట్టి కడిగేసింది.

“ఏమంటున్నారు?” అన్నాడాయన.

“మీరు బాగా అలిసిపోయినట్టున్నారంట సార్. ఒంట్లో కులాసాయేనా అని అడుగుతన్నారు.”

ఆయన మనసు కరిగింది. “కొంచెం షుగర్ ఉందమ్మా” అన్నాడు.

పక్కనే హోమ్ సూపరింటెండెంట్ వీర్రాజు కెమెరాల కోసం వచ్చి కూర్చున్నాడు. నేరాలు చేశారని పట్టుకొచ్చిన పిల్లలు అతని అజమాయిషీలో ఉంటారు.

“మా బాధలు ఎవుడికి సెప్పుకోవాల సార్? ఒకడొచ్చి పదకొండు రోజులైంది. బైకు దొంగతనం కేసు. ఎంత అరిసినా నోరిప్పడు. తీసావా అంటే తలూపుతాడు, తియ్యలేదా అన్నా తలూపుతాడు. పేరైనా సెప్పడు, మేమే చింటూ అని పెట్టుకున్నాం.”

గౌసియా చేతులు ఇదంతా చెబుతూ చెబుతూ నెమ్మదించాయి. సూర్యకాంతమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. గౌసియా దాన్ని ఉన్నదున్నట్టు అప్పజెప్పింది.

“ఆడిని ఎప్పుడైనా ఎనకనుంచి పిలిసారా బాబూ? తిరిగి సూసాడా?”

“సూడడమ్మా. అంత పొగరు!” అన్నాడు వీర్రాజు.

అన్నాక అతనికే అనుమానం వచ్చి నోరు మూసుకున్నాడు. శ్రీరామ్మూర్తి లేచి జీపు తెప్పించాడు.

హోమ్‌లో పదమూడేళ్ల పిల్లాడు కంచం కడుగుతున్నాడు. సూర్యకాంతమ్మ ఎదురుగా నిలబడి చెయ్యి కదిపింది. కంచం గచ్చు మీద పడింది. ఆ చప్పుడుకు వాళ్లిద్దరు తప్ప అందరూ ఉలిక్కిపడ్డారు.

ఇక వాడి చేతులు ఆగలేదు.

“ఏటంటన్నాడమ్మా?” అన్నాడు వీర్రాజు, గొంతు తగ్గించి.

గౌసియా కళ్లు తుడుచుకుంది. తీపి కలపడానికి ఆమెకు మనసు రాలేదు.

“ఈడిది తగరపువలస. సదివే బధిరుల బడి మూసేసారంట. ఇశాపట్నం హాస్టల్లో ఏస్తానని ఆళ్లమ్మ అందంట. ఆగలేక ఒక్కడే బస్సెక్కి వచ్చేసాడు. బస్సుల కాంప్లెక్స్ కాడ బైకుల దగ్గర నిలబడితే పోలీసు జీపొచ్చింది. హాస్టలోళ్లే పంపించారనుకుని ఎక్కేసాడు. ఇదే హాస్టలనుకుంటన్నాడు సార్! అమ్మకి మీరు కబురు పంపుంటారని నమ్మకంగా ఉన్నాడు. సాంబారు బాగోదంట. పాఠాలు ఎప్పుడు మొదలెడతారని అడుగుతన్నాడు.”

వీర్రాజు వంగి కిందపడ్డ కంచం తీశాడు. సూర్యకాంతమ్మ దగ్గర మాత్రం చెప్పాల్సిన మాటలు చాలా ఉన్నాయి. ఆవిడ చేతులు అధికారి ముక్కు దాకా వెళ్లి వచ్చాయి.

“ఏమంటున్నారు?” అన్నాడాయన బెదురుగా.

“తిడతన్నారు సార్. ఇందాక ఆఫీసులో కూడా తిట్టారు. మీ ఒంటి సంగతి ఆవిడ అడగలేదు, నానే కలిపాను.”

పిల్లాడు సూర్యకాంతమ్మ కొంగు లాగి పాఠాలెప్పుడని మళ్లీ అడిగాడు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, వాడి కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా ఏదో చెప్పింది. వాడి ముఖం వెలిగిపోయింది.

“ఏం చెప్పారు?” అన్నాడు శ్రీరామ్మూర్తి.

“ఆదివారం నుంచి పాఠాలని సెప్పారు. మా గదిలో.” గౌసియా మొదటిసారి ఆయన కళ్లలోకి సూటిగా చూసింది. “ఆళ్లమ్మకి ఇయ్యాలే కబురు పంపాల. ఆదివారంలోగా ఆడిని, పిల్లల కేసులు సూసే బోర్డుకి సెప్పి ఇడిపించాల. ఆ గది ఉండాలంటే అద్దె కూడా మీరే పంపించాల. ఇది తర్జుమా కాదు సార్, నా మాట.”

శ్రీరామ్మూర్తి వచ్చి పిల్లాడి ఎదురుగా నిలబడ్డాడు.

“సరే అని వాడికి చేతులతో ఎలా చెప్పాలమ్మా?” అని అడిగాడు.