కోత పండుగకు పెట్టిన గుత్తి

ద్రాక్ష గుత్తిని కాడ పట్టుకునే ఎత్తాలి. పండు మీద వేలు పడితే సన్నటి తెల్లటి పూత చెదిరిపోతుంది. పూత పోయిన పండును మార్కెట్లో ఎవరూ తాజాదని నమ్మరు. నాయన మాకు ఊహ తెలిసీ తెలియక ముందే నేర్పిన పని ఇది.

బళ్లారి గనుల్లో డబ్బు కురిసిన ఆ ఏళ్లలో మా తోటలో ఆ పూతే కనబడకుండా పోయింది. పక్క రోడ్డు మీద పొద్దస్తమానం ఇనుప మట్టి లారీలు. మా బయలులో గాలికి అడ్డు చెప్పే గుట్ట కూడా లేదు, లేచిన దుమ్మంతా తిన్నగా వచ్చి పందిరి మీద వాలేది. కడుగుదామంటే, పక్వానికొచ్చిన గుత్తికి నీళ్లు తగిలితే కుళ్లుతుంది. ఆ రోడ్డున తిరిగేవి ఎక్కువగా మా చిన్నాయన లారీలే. తన వాటా తోట పీకించి, ఆ నేల అమ్మి మరీ వాటిని కొన్నాడు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అందుకే, ఆ దుమ్ము పోసింది పరాయివాళ్లు కాదు.

"లోడు మీద టార్పాలిన్ పట్ట కప్పి పంపించప్పా. ఈ కాపు పోయిందంటే తోట ఉండదు," అని నాయన ఎన్నిసార్లు బతిమాలాడో.

"పట్ట కట్టి ఇప్పేలోపల ఒక ట్రిప్పు పోతాదన్నా. సుమ్నే, ఊరికే ఎందుకు గలాట? దుమ్మే కదా!" అనేవాడు చిన్నాయన.

మా చర్చిలో కోత పండుగకు ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి ప్రార్థన బల్ల దగ్గర పెడతారు. ప్రార్థన అయ్యాక వాటిని చర్చి ఖర్చుల కోసం వేలం వేస్తారు. ఆ ఏడు నాయన కోసిన గుత్తి ఇటుకపొడిలో పొర్లించినట్టుంది.

"దేవుని ముందర ఇట్లనే పెడతావా? నాకియ్యి, కడుగుతా," అంది అమ్మ.

"కడగొద్దు. మనకు పండింది ఇదే. దేవుడు కూడా చూడనీ," అన్నాడు నాయన.

వేలంలో ఆ గుత్తిని చిన్నాయనే పాడాడు, ఇంకెవరూ అందుకోలేనంత పాట. ఎంత పెద్ద మనసని అందరూ మెచ్చుకున్నారు. నాయన తల ఎత్తలేదు. నేను గుత్తిని కాడ పట్టుకుని చిన్నాయన కొత్త కారు దాకా తీసుకుపోయాను. సీటు మీద పెట్టబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండమ్మా, తెల్ల సీటుండాది. ఈ ఎర్రమన్ను అంటితే పోదు," అని కొత్త తువ్వాలు తీసి గుత్తిని నాలుగు వైపులా జాగ్రత్తగా చుట్టాడు.

నా నోరు ఊరుకోలేదు. "సీటుకైతే గుడ్డ దొరికిందే చిన్నాయనా!" అన్నాను.

ఆయనకు అర్థమైంది. కారు అద్దం ఎక్కించుకున్నాడు. మర్నాడు కూడా లారీలు పట్టలు లేకుండానే పోయాయి. ఆ కాపును ఏ వ్యాపారీ ముట్టలేదు. నాయన తీగలను మొదలంటా నరుకుతుంటే, రోడ్డు మీద పోయే లారీ డ్రైవరు, యజమానికి అన్న కదా అని మర్యాదగా హారన్ కొట్టి పోయాడు.