పుట్టుమచ్చ లేని పిల్ల

ఇది మహాకావ్యం. ఇందులో ఇల్లు లేని పిల్లవాడున్నాడు, అతణ్ణి తరిమే ఊళ్ళున్నాయి, చివర్లో తండ్రీకొడుకుల కన్నీళ్ళున్నాయి. కాకపోతే అదంతా ఒక పిల్లల పుస్తకంలో ఉంది. నా కథలో ఉన్నవి జనగామలో మా ఇంటి అరుగు, తెలంగాణ సమ్మెతో మూతబడిన బడి, చదవడానికి ఆ పుస్తకం తప్ప మరేమీ దొరకని నేను.

బస్సులు ఆగడానికి కాస్త ముందే మా చిన్నాయన గార్ల అనే ఊరి నుంచి తన ఏడేళ్ళ బిడ్డను, నాకు వరసకు చెల్లెను, తెచ్చి మా ఇంట్లో దించాడు. మా చిన్నమ్మ ఆ ఎండాకాలంలోనే చనిపోయింది. ఆయనకు భూపాలపల్లిలో కూలిపని దొరికింది. తోటి కూలీలతో ఒకే గదిలో ఉండాలి.

"రేపోమాపో వచ్చి తీస్కపోయి హాస్టల్ల ఏస్త" అని చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాత బస్సుల్లేవు.

రాష్ట్రం రావాలని ఊరంతా రోడ్డు మీద కూర్చుంటే, బస్సు రావొద్దని మా చెల్లె అరుగు మీద కూర్చుంది. పట్టుదలలో తేడా లేదు. నినాదాలే తక్కువ.

ఆమెకు పుస్తకం చదివి వినిపించడం నా పని. కథలో పిల్లవాడు ఒక తలుపు కొడతాడు, తరిమేస్తారు. ఇంకో తలుపు. రచయితకు పేజీలు నిండాలి కదా. చెల్లె మాత్రం ప్రతి తలుపు దగ్గరా ఊపిరి బిగబట్టేది.

"అన్నా, గీ ఇంట్లనన్న ఉంచుకుంటరా?"

మా ఇంట్లో మాట చెల్లేది అమ్మమ్మది. అందరం అవ్వ అనేవాళ్ళం. చిక్కుడుకాయలు తుంచుతూ ఆమె కూడా వింది.

"ఒక్కలు గూడ బువ్వ తిన్నవా బిడ్డా అని అడుగలేదారా? గదేం ఊరు?"

"కథ అవ్వా."

"కథైతే? తినకుంట గన్ని ఊర్లు ఎట్ల తిరుగుతడు?"

రచయిత దీని గురించి ఏమీ రాయలేదు.

ఆఖరి పేజీలో ఒక జమీందారు పిల్లవాడి భుజం మీద పుట్టుమచ్చ గుర్తుపట్టి "నాయనా!" అని కౌగిలించుకున్నాడు. నేను గొంతు వణికించి మరీ చదివాను. మెచ్చుకుంటుందని చూస్తే చెల్లె అక్కడ లేదు. లోపల అద్దం ముందు నిలబడి, గౌను పక్కకు లాగి భుజం వెతుక్కుంటోంది.

"అన్నా, నాకు మచ్చ లేదు. ఇగ నన్నెవలు ఉంచుకుంటరు?"

దేనికైనా నా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంటుంది. ఈసారి అవ్వే ముందు అందుకుంది. మా వైపు అంగట్లో పశువు ఒంటి మీది వెంట్రుకల సుడులు చూసి గానీ బేరం చెయ్యరు.

"సుడులు జూసి బర్రెను కొంటరే పిచ్చిదానా, పిల్లను గాదు. నువ్వేమన్న బర్రెవా?"

"గాదు."

"మరింకేంది? రా, కాయలు తుంచు."

బస్సులు నడిచిన మొదటి రోజే చిన్నాయన దిగాడు. చెల్లె తలుపు వెనక దాక్కుంది.

"అత్తమ్మా, మీకు బరువు గావొద్దని..." అని ఆయన దారి పొడుగునా కూర్చుకొచ్చిన మాటలు మొదలుపెట్టాడు.

"ముందుగాల కాళ్ళు కడుక్కో" అంది అవ్వ. "పిల్ల ఈడనే ఉంటది, ఈడనే సదువుతది. హాస్టల్ గీస్టల్ అనకు. బుద్ధైనప్పుడల్ల నువ్వే వచ్చి జూసిపో."

చిన్నాయన ఏడ్చాడు. జమీందారు కన్నీళ్ళు అరపేజీ పారాయి. మా చిన్నాయనవి తువ్వాలతో ఒక్కసారి తుడిస్తే అయిపోయాయి. అంతలో చెల్లె తలుపు వెనక నుంచి వచ్చి, ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు అడిగింది:

"బాపూ, చాయ్ తాగుతవా?"

మా ఇంట్లో మంచాలు మూడే. ఆ రోజు నుంచి నా మంచం చెల్లెదైంది, నేను చాప మీద పడుకున్నాను.