అయ్య తెచ్చిన బెల్లం, ఆరో వరసలో సీసం

మొన్న సాయంత్రం సంత్రాగాఛిలో మా అల్లుడి రైల్వే క్వార్టర్సులో మనవరాలు నేల మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు గోడకి ఆనించి, ఫోనులో ఎవరో ఆవర్తన పట్టికని పాటకట్టి పాడుతుంటే తానూ గొంతు కలుపుతోంది. పీరియడ్ల వారీగా ఒక్కో వరసా అయిపోతోంది, నేను కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతూ వింటున్నాను గాని, అది ఆరో వరసలోకి వచ్చి బంగారం, పాదరసం దాటుకుని సీసం దగ్గరికి రాగానే కత్తిపీట పక్కకి నెట్టేశాను. ఇక ఆపవే తల్లీ అని కసిరాను. అమ్మమ్మకి కెమిస్ట్రీ అంటే పడదని అది వాళ్లమ్మతో చెప్పి నవ్విందట. నవ్వనీండి. దానికి తెలుగు మాట్లాడటం వచ్చుగాని చదవడం రాదు కాబట్టి, ఇది నా ఈడు వాళ్ల కోసమే రాసుకుంటున్నాను.

అయ్య కూలిపని కోసం మా ఊరొదిలి ఈ బెంగాలుకి వచ్చాక, అప్పట్లో మేము ఏక్‌బాల్‌పూర్ బస్తీలో ఉండేవాళ్లం. అయ్య గార్డెన్ రీచ్ వైపు నది ఒడ్డున ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. మరమ్మతుకు వచ్చిన ఓడని నీళ్లు తోడేసిన డాకులో నిలబెడితే, దాని ఒంటికున్న పాత ఎర్రరంగుని సుత్తితో కొట్టి, ఇనప బ్రష్షుతో గీకి రాల్చడం అయ్య పని. ఇంటికొచ్చేసరికి కనురెప్పలు కూడా ఎర్రగా ఉండేవి. పని దిగే వేళకి మేస్త్రీ ఒక్కొక్కరి చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టేవాడు, అది తింటే గొంతులో ధూళి కడుపులోకి జారి బయటికి పోతుందని అక్కడ అందరి నమ్మకమూను. బెల్లం పంచేవాళ్లకి, చేతులు కడుక్కోవడానికి ఒక పంపు వేయించాలని మాత్రం తోచలేదు. ఆ ఎర్ర చేతులతోనే అయ్య సగం ముక్క కొరుక్కుని, మిగిలిన సగం చొక్కా జేబులో వేసుకుని, అంత దూరమూ బస్సులో నిలబడి, మా చెల్లి కోసం తెచ్చేవాడు. నాకు లేదు. పెద్దదానివి కదే అనేవాడు. ఎంత ఉడుక్కునేదాన్నో చెప్పలేను.

చెల్లికి అప్పుడు నాలుగో ఏడు. బొద్దుగా, నల్లగా, నిలకడన్నది లేకుండా ఉండేది. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే బెంగాలీ, పాలవాడితో హిందీ, మూడూ కలిపి వాయించేది. అలాంటిది తిండి మానేసింది. కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకునేది, నులిపురుగులన్నాడు సందు చివరి డాక్టరు. తర్వాత మాటలు ఒక్కొక్కటే మర్చిపోసాగింది. నా పేరు పలకడానికి తడుముకున్నప్పుడు నేను ఆటనుకున్నాను. ఆ వర్షాకాలంలో మొదటిసారి మూర్ఛ వచ్చింది. "ఏటైనాదమ్మా నా పిల్లకి, ఏటైనాది?" అంటూ అమ్మ దర్గాలో తాయెత్తు కట్టించింది, కాళీమాత గుడిలో మొక్కుకుంది, పొరుగింటి మాసీ చెప్పిన పసరూ పోసింది. అయ్య మాత్రం, పిల్ల ఏమీ తినటం లేదు, ఇదొక్కటేనా తింటోంది కదా అని, కొరకడం మానేసి బెల్లం ముక్క మొత్తం తెచ్చివ్వడం మొదలెట్టాడు.

నేను అప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్నాను. మా తెలుగు బడిలో సైన్సు మాస్టారు ఆవర్తన పట్టికని మా బస్తీ లైను ఇళ్లలాగే చెప్పేవారు. నిలువు వరసలో వాళ్లు చుట్టాలు, గుణాలు కలుస్తాయి. అడ్డ వరసలో, అంటే పీరియడ్‌లో వాళ్లు ఇరుగుపొరుగు, వరసగా ఉంటారే గాని గుణాలు కలవవు. ఆ రోజు ఆరో పీరియడ్. బంగారం పక్కిల్లే పాదరసం, ఇంకో గుమ్మం దాటితే సీసం, చూశారా ఎవరి పక్కన ఎవరున్నారో అని నవ్వించి, ఓడలకి తుప్పు పట్టకుండా పూసే ఎర్రరంగు ఈ సీసంతోనే చేసేదని, గీకితే ధూళై నోట్లోకి పోతుందని, పెద్దవాళ్లకి మణికట్లు వాలిపోతాయని, పసిపిల్లల కడుపులో పడితే ముందు నొప్పి, తర్వాత మూర్ఛలు అని చెప్పుకుపోతున్నారు. నేను లేచి నిలబడి, "బెల్లం తింటే పోతాది కదా మాస్టారూ?" అని అడిగాను. ఎవరు చెప్పారమ్మా అన్నారాయన. చెప్పాను. చెల్లి సంగతీ చెప్పాను. చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, బడి వదలగానే నాతో మా ఇంటికొచ్చారు.

అయ్య ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి తాను నిలబడే విన్నాడు. "బెల్లంలో ఇసవేటి మాస్టారూ? దూళంతా కడిగేత్తాదని మేస్త్రీయే కదా ఇత్తన్నాడు" అన్నాడు. మాస్టారు, బెల్లంలో కాదయ్యా అని మాత్రం అన్నారు. అయ్య తన చేతుల కేసి చూసుకున్నాడు. జేబులో ఆ రోజు ముక్క ఇంకా ఉంది, చెల్లి అప్పటికే కాళ్లు చుట్టేసుకుని చెయ్యి చాపుతోంది. దాన్ని విదిలించుకుని బయటికి పోయి, బెల్లం మురిక్కాలవలో పారేసి, అక్కడే కూర్చుండిపోయాడు. మా అయ్య ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మర్నాడు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు అయ్య పెదవి ఎత్తి, ఇదే సీసం ఆనవాలని చిగుళ్ల వెంట నీలం గీత చూపించాడు. చెల్లికి సూదులు పొడిచారు, మూర్ఛలు తగ్గాయి. కానీ పోయిన తెలివి తిరిగి రాదని ముందే చెప్పేశారు, రాలేదు. అయ్య ఆ పని మానలేదు, మానితే ఇంకేం తింటాం? వీధి పంపు దగ్గరే బట్టలు విప్పి, ఒళ్లు రుద్దుకున్నాకే ఇంట్లోకి వచ్చేవాడు. చెల్లి గుమ్మంలో చెయ్యి చాపి నిలబడేది. అయ్య దాని మొహం చూడలేక తల తిప్పుకుని లోపలికి పోయేవాడు. "అయ్యకి కోపం" అని అది నా దగ్గరకొచ్చి ఏడ్చేది. కాదే అంటే దానికి ఎక్కేది కాదు. చివరికి అయ్య మణికట్లు రెండూ వాలిపోయి, ముద్ద కూడా అమ్మే కలిపి పెట్టాల్సి వచ్చింది, నాకు ఉద్యోగం వచ్చిన ఏడాదే పోయాడు.

మన చదువుకాలంలో ఏడో పీరియడ్ సగంలో ఆగిపోయి ఉండేది, గుర్తుందా? ఇప్పుడు చివరిదాకా నిండిపోయింది, మనవరాలి పట్టికలో ఒక్క ఖాళీ గడీ లేదు. ఎర్రరంగులూ మారాయంటున్నారు, ఆ డాకు వైపు నేను వెళ్లి ఎన్నో ఏళ్లయింది. చెల్లి నా దగ్గరే ఉంటుంది, జుట్టంతా తెల్లబడింది. దీపాలు పెట్టే వేళకి గుమ్మంలో కూర్చుని చెయ్యి చాపుతుంది. ఆ చెయ్యి శుభ్రంగా తుడిచి, చలికాలంలో దొరికే ఖర్జూర బెల్లం నేనే అందులో పెడతాను. సగం తిని, మిగిలిన సగం చీర కొంగున ముడేసుకుంటుంది. చీమలు పడతాయే, తినెయ్యి అంటాను.

"అయ్యకి ఉంచినాను, కోపం పోతాది" అంటుంది.